రెండో కుర్చీ

మేడ మీద గది నుంచి,
చేరిన కొత్తలో

వదినా,

లిఫ్టులు బాగుచేసే నాకు లిఫ్టు లేని భవనంలో ఆఖరి అంతస్తు గది దొరికిందంటే నువ్వు పడీ పడీ నవ్వుతావని తెలుసు. నవ్వుకో. పగలంతా ఊళ్ళో వాళ్ళని పైకీ కిందకీ సుఖంగా పంపించి, సాయంత్రం నేను మాత్రం మెట్లెక్కుతున్నాను.

గదిలో ఒక మంచం, ఒక కిటికీ, ఒక పాత లిఫ్టు తలుపు ఉన్నాయి. తలుపు కంపెనీ గోడౌనులో మూల పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. దాన్ని చెక్కపెట్టెల మీద పడుకోబెడితే మన బొమ్మ సైన్యాల ఆటకి యుద్ధభూమి తయారైంది. నువ్విచ్చిన నీలం గుడ్డ పరిచి నది పెట్టాను. దుప్పటి కింద దిండ్లు దూర్చి కొండలు పెట్టాను. నీ బల్ల మీద ఏది ఎక్కడుందో నా బల్ల మీదా అక్కడే ఉంది, టేపుతో కొలిచాను. ఇక మొదలుపెట్టొచ్చు.

తర్వాత నువ్వు మాట మార్చకుండా మన ఒప్పందం మళ్ళీ రాస్తున్నాను. యుద్ధం సంగతి ఫోనులో ఎత్తకూడదు, ఉత్తరంలోనే రాయాలి. ఎవరి పాచిక వాళ్ళు వేసుకోకూడదు. నా పాచిక నువ్వు వెయ్యాలి, నీ పాచిక నేను వెయ్యాలి. ఎంత పడితే అంత నిజంగా రాయాలి. ఈ సంగతి చెబితే మా మేస్త్రీ, "శత్రువు చేతికి పాచిక ఇచ్చి నిజం చెప్పమంటారా? మీ ఇంట్లో అందరూ ఇంతేనా?" అన్నాడు. మా వదిన ఒక్కతే ఇంత అని చెప్పాను.

నా మొదటి ఎత్తు: ఫిరంగులు కొండమీదికి ఎక్కించి, ముందున్న నా కాల్బలం తలల మీదుగా నీ వంతెన మీద కాలుస్తున్నాను. ఆగు, అరవకు. సొంతవాళ్ళ తలల మీదుగా కాల్చకూడదని నువ్వు ఎప్పుడూ అంటావు. ఇక్కడ వంటింట్లోకి కేక వేసి అడగడానికి నువ్వు లేవు కదా, ఫోనులో ఏఐని అడిగాను. భలే చెప్పింది వదినా! ఫిరంగి ఎత్తులో ఉంటే కాల్చవచ్చట. ఒక చిన్న ఉదాహరణ కూడా చెప్పింది, మేడ మీంచి నీళ్ళు పోస్తే కింద గోడకి ఆనుకుని నిలబడ్డవాడు తడవడు అని. నాకు వెంటనే ఎక్కింది. ఇన్నేళ్ళూ ఆ ఫిరంగుల్ని నేను అలంకారానికి పెట్టుకున్నానన్నమాట!

ఇంకొకటి. ఇక్కడ ప్రింటింగ్ ప్రెస్సు పైన హాల్లో మన ఆట ఆడేవాళ్ళ క్లబ్బు ఉంది. చలికాలంలో జంటల పోటీ పెడతారట. ఒకరు బల్ల దగ్గర సైన్యం నడపాలి, రెండోవాళ్ళు పక్క కుర్చీలో కూర్చుని రూల్సు చూడాలి. మన పేర్లు ఇవ్వనా?

నీ
గడుగ్గాయి


పళ్ళ ల్యాబు వెనక గది నుంచి,
మధ్యాహ్నం భోజనాలయ్యాక

గడుగ్గాయికి,

నా ఎదురుగా కిటికీ గట్టు మీద కట్టుడు పళ్ళ అచ్చులు ఆరుతున్నాయి. వాటి పక్కన, మిగిలిన ప్లాస్టరుతో పోసిన నా కొత్త గుర్రాలు ఆరుతున్నాయి. డాక్టరు గారు లోపలికొచ్చి ఒక గుర్రాన్ని కళ్ళజోడు దగ్గరగా పట్టుకుని, "ఇది ఏ పేషెంటుదమ్మా?" అని అడిగారు. మీ అన్నయ్య నిన్న బల్ల అంచున కూర్చుని నా కాల్బలంలో సగం మందిని చదును చేశారు. లేవమంటే, "ఏదో గుచ్చుకుంటోంది అనుకున్నా" అన్నారు. ఈ ఇంట్లో నా యుద్ధం ఇలా సాగుతోంది.

ఇక నీ ఫిరంగుల సంగతి. ఏఐ అట! మేడ మీంచి నీళ్ళట! నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచి ఆ రూల్సు పుస్తకం నీకు అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పాను. ఫిరంగి అంటే ఏమిటో తెలియని దానికి గుర్రపుదళం ఎలా తిప్పాలో నేర్పాను. ఇప్పుడు ఊరు దాటి మెట్లెక్కేసరికి ఎవరో చెప్పింది "వెంటనే ఎక్కింది". నేను చెప్పినవి ఎక్కడానికి ఏళ్ళు పట్టిందా? సొంతవాళ్ళ తలల మీదుగా కాల్చకూడదు. పుస్తకం తీసి చూడక్కర్లేదు, నాకు తెలుసు.

అయినా నీ పాచిక వేశాను. మొదటిసారి పళ్ళెం అంచుకి ఆనుకుని ఏటవాలుగా ఆగింది. అలా ఆగింది చెల్లదు కాబట్టి మళ్ళీ వేశాను. నాలుగు పడింది. నా వంతెన కూలిపోయింది. నువ్వు చూడలేదు కదా అని మూడు అని రాయొచ్చు. కానీ నాలుగే.

నా ఎత్తు: వంతెన పోయింది కాబట్టి నా కాల్బలం నది ఒడ్డునున్న అడవిలో దాక్కుంటుంది. నాలుగుగానీ అంతకన్నా ఎక్కువగానీ పడితే నీకు కనబడరు. నా పాచిక వెయ్యి.

పోటీకి పేర్లు ఇవ్వనా అని అడుగుతున్నావా! ఇచ్చి ఆ తర్వాత చెప్పాలి. డాక్టరు గారిని అప్పుడే సెలవు అడిగేశాను. రూల్సు పుస్తకానికి కొత్త అట్ట వేశాను. పక్క కుర్చీలో కూర్చునేది నేనే, నీ బుర్రకి అడ్డుకట్ట వేసేది నేనే. ఏం వేసుకురావాలో కూడా ఆలోచిస్తున్నాను, నవ్వకు.

మీ
వదిన


మేడ మీద గది నుంచి,
వాన పడుతుండగా

వదినా,

క్లబ్బుకి వెళ్ళొచ్చాను. కింద ప్రెస్సు నడుస్తుంటే పైన బల్లలన్నీ సన్నగా వణుకుతాయి, కొండలు వాటంతటవే జరుగుతాయి. సెక్రటరీ ప్రెస్సు యజమానే, వేళ్ళ నిండా సిరా. మనిషి మంచివాడే, ముక్కుసూటిగా మాట్లాడతాడు.

ఇక్కడ కొత్త ఎడిషన్ రూల్సుతో ఆడతారు. మన పుస్తకం పేరు చెబితే నన్ను మ్యూజియంలో వస్తువుని చూసినట్టు చూశారు. నాకు సగం అర్థం కాలేదు. ఫోను కప్పుకి ఆనించి పక్క కుర్చీలో నిలబెట్టుకుని, అడుగుతూ ఆడాను. ఏ సందేహం వచ్చినా విసుక్కోకుండా చెప్పింది. రెండు ఆటల్లో ఒకటి గెలిచాను! సెక్రటరీ చూసి, "ఈ ఏడాది నుంచి రూల్సు చూడటానికి మనిషే ఉండాలని లేదమ్మా, ఫోను ఉన్నా జంట కిందే లెక్క" అన్నాడు. నీకా సెలవు దొరకడం కష్టం, అంత దూరం ప్రయాణం, పైగా కొత్త ఎడిషన్ నువ్వు చూడనే లేదు. అందుకని నీకు శ్రమ ఎందుకని నా పేరూ ఫోనూ రాయించేశాను. నువ్వు హాయిగా ఇంట్లో ఉండి దీవించు.

నీ అడవి సంగతి: పాచిక ఎక్కడో పడిపోయింది, ఎంత వెతికినా కనబడలేదు. ఆలస్యమవుతుందని ఏఐనే ఒక అంకె చెప్పమన్నాను. రెండు అంది. కాబట్టి నీ వాళ్ళు నాకు కనబడ్డారు.

నా ఎత్తు: కనబడినవాళ్ళ మీద మళ్ళీ ఫిరంగి. నా పాచిక వేసి పెట్టు.

నీ
గడుగ్గాయి


ఇంటి నుంచి

ఆడపడుచు గారికి,

మీ ఉత్తరం అందింది. పోటీకి మీ జంట పేరు ఇచ్చినందుకు సంతోషం. సెలవు అక్కర్లేదని డాక్టరు గారికి చెప్పేశాను. నాకు శ్రమ తప్పించినందుకు మీకూ, మీ పక్క కుర్చీలో కూర్చున్నవారికీ కృతజ్ఞురాలిని.

మీ పాచిక వేశాను. ఒకటి పడింది. ఒకటి పడితే కాల్చిన ఫిరంగే ముక్కలవుతుంది కాబట్టి మీ ఫిరంగి పేలిపోయింది. నా చేత్తోనే వేశాను. ఒకటి పడినందుకు చాలా సంతోషించాను.

నా పాచిక ఎవరు వేశారో మాత్రం నాకు తెలియదు. దానికి చెయ్యి ఉందా? అరచేతిలో పాచిక గలగలలాడించిందా? నా వాళ్ళు బతకాలో చావాలో అన్నప్పుడు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టిందా? అందులో నువ్వు నాకోసం వేసింది ఏముంది? నీ పాచిక కోసం నేను పళ్ళెం కడిగి పెట్టుకుంటాను. నువ్వు నాది ఎవరికో అప్పజెప్పేశావు.

నాకు కుళ్ళుగా ఉంది. రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యను. ఒక ఫోనుని చూసి కడుపు మండించుకునే మనిషిని లోకంలో నన్నే చూస్తావు. ఆ కప్పు, దానికి ఆనించిన ఫోను, ఆ కుర్చీ నా కళ్ళముందు నుంచి కదలడం లేదు.

నా ఎత్తు: గుర్రపుదళం నది ఒడ్డుకి వచ్చి నిలబడుతుంది. దీనికి పాచిక అక్కర్లేదు. ఎవరికీ శ్రమ ఉండదు.

ఇట్లు,
మీ అన్నగారి భార్య


మేడ మీద గది నుంచి,
వాన వెలిశాక

వదినా,

"ఆడపడుచు గారికి" అని చదివి ముందు నవ్వాను. చివరికొచ్చేసరికి నవ్వు ఎండిపోయింది.

పాచిక దొరికింది. పనికి వేసుకెళ్ళే బూటులో ఉంది, రోజంతా తొక్కుతూ తిరిగాను. ఆ అడవి పాచిక మళ్ళీ నా చేత్తో వేశాను. ఐదు పడింది. కాబట్టి నీ వాళ్ళు నాకు కనబడలేదు, వాళ్ళ మీద కాల్చడమూ జరగలేదు, బల్ల మీద అన్నీ వెనక్కి సర్దాను. నా ఫిరంగి మాత్రం పేలింది పేలినట్టే ఉంచాను, నువ్వు అంత సంతోషపడ్డావు కాబట్టి.

కానీ నేనూ ఒక మాట అంటాను. నువ్వు మా ఇంటికి కాపురానికి వచ్చినప్పుడు బట్టల పెట్టె కన్నా బరువైన పెట్టె ఒకటి తెచ్చావు. అందులో సైన్యం ఉందని తెలిశాక నేను నీ కొంగు వదిలితే ఒట్టు. నీకు అక్కడ అన్నయ్య ఉన్నాడు, ల్యాబు ఉంది, గుర్రాన్ని చూసి పేషెంటు ఎవరని అడిగే డాక్టరు ఉన్నాడు. నాకు ఇక్కడ ఎవరున్నారు? ఇరుక్కుపోయిన లిఫ్టులో జనం నన్ను తిడతారు, తలుపు తెరుచుకోగానే నన్ను మరిచిపోయి వెళ్ళిపోతారు. గదికి వచ్చి ఒక చిన్న సందేహం అడగాలంటే నీ ఉత్తరం వచ్చేదాకా ఆగాలి. అది అడిగిన వెంటనే చెబుతుంది. "ఇదెన్నిసార్లు చెప్పాలే నీకు" అనదు. అదేం తప్పు పని చేసింది?

నా ఎత్తు: నా సైన్యమూ ఈవలి ఒడ్డున ఆగింది. ఏఐని అడిగితే, నది దాటిన దళం తడిసిపోయి ఒక వంతు పాటు కదలకుండా నిలబడాలి, కాబట్టి ఎదుటివాళ్ళు దాటేదాకా ఓపిక పట్టమంది. పట్టాను. నువ్వు దాటు.

నీ
గడుగ్గాయే


ఇంటి నుంచి,
మబ్బులు పోయిన వారం

ప్రియమైన మరదలికి,

నీ ఉత్తరం చదివాను. నువ్వు లేవనెత్తిన విషయాలు చాలా ముఖ్యమైనవి. నీ ఒంటరితనం అర్థం చేసుకోదగినదే.

నది విషయంలో ప్రస్తుతం మన ముందు మూడు మార్గాలున్నాయి. మొదటిది, వెంటనే దాటడం. ఇందులో ప్రమాదం ఎక్కువ. రెండోది, పై నుంచి చుట్టి రావడం. ఇందుకు సమయం పడుతుంది. మూడోది, ఒడ్డునే ఉండి ఎదుటివారి తొందరపాటు కోసం ఎదురుచూడటం. అన్నీ బేరీజు వేశాక మూడోదే మేలని తోచింది. ఒకరిని అడిగాను కూడా.

కాబట్టి నా ఎత్తు: ఆగడం.

మీ అన్నయ్య కొత్త ఫోను కొనుక్కుని పాతది నాకిచ్చారు. తెర పగిలింది గానీ బాగానే పనిచేస్తోంది.

మీ
వదిన


మేడ మీద గది నుంచి,
చలి మొదలయ్యాక

వదినా,

నేను ఆగాను. నువ్వు ఆగావు. తర్వాత రాసుకున్న పోస్టుకార్డుల్లో నేను ఆగాను, నువ్వూ ఆగావు. నా బల్ల మీద గుర్రాలకి దుమ్ము పట్టింది. రెండు సైన్యాలూ బట్టలు ఉతుక్కోవడానికి వచ్చినట్టు నది ఒడ్డున నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాయి. ఆగడం నీ ఒంట్లో లేదు. పాల గిన్నె పొయ్యి మీద పెట్టి కూడా ఆగలేవు నువ్వు.

ఎవరా ఒకరు?

అన్నయ్యకి ఫోను చేశాను. యుద్ధం సంగతి ఎత్తలేదులే, ఒప్పందం తప్పలేదు. "మీ వదినా? పళ్ళు తోముకుంటూ కూడా ఆ పగిలిన ఫోనుతోనే కబుర్లు. తనలో తను నవ్వుకుంటోంది. నిన్న కూర మాడ్చింది" అన్నాడు. నా ఒళ్ళు భగ్గున మండింది.

నువ్వూ దాన్నే అడుగుతున్నావు కదూ? నన్ను అన్ని మాటలని, ఆడపడుచు గారని, చేతులున్నాయా, ఊపిరి బిగబట్టిందా అని కడిగేసి, నువ్వు చాటుగా దానితో కూర్చున్నావా? "నువ్వు లేవనెత్తిన విషయాలు చాలా ముఖ్యమైనవి" అట! నేను పుట్టి బుద్ధెరిగాక నా ప్రశ్న ఒక్కటైనా ముఖ్యమైనదని నువ్వు అన్నావా? అన్నీ బుర్ర తక్కువ ప్రశ్నలే నీకు. దానితో కూడా నాతో పోట్లాడినట్టే పోట్లాడుతున్నావా? నడుము మీద చెయ్యి పెట్టుకుని పుస్తకం ఆడిస్తున్నావా? వంటింటి బల్ల దగ్గర నా కుర్చీ ఉందే, కాలు కుంటిది, అందులో దాన్ని కూర్చోబెట్టావా?

కుళ్ళు నీకొక్కదానికే వస్తుందనుకోకు.

నా ఎత్తు: ఆగడమే. ఏఐ అదే చెప్పింది. నీకూ అదే చెప్పి ఉంటుంది.

మరదలు


పళ్ళ ల్యాబు వెనక గది నుంచి,
పని మానేసి రాస్తూ

గడుగ్గాయికి,

అవును, దాన్నే అడిగాను. దొరికిపోయాను. మీ అన్నయ్య నోట్లో నువ్వు గింజ నానదు.

మొదట దాని తప్పు పట్టుకుందామని మొదలుపెట్టాను. ఫిరంగుల సంగతి అడిగాను. నీకు చెప్పినట్టే చెప్పింది, ఆ మేడా ఆ నీళ్ళూ అన్నీ. పుస్తకం తీసి దాని మొహాన కొడదామని పేజీ తిప్పాను. తిప్పి, మూసేశాను. ఎత్తులో ఉంటే కాల్చవచ్చనే ఉంది. ఇక్కడితో ఆ సంగతి వదిలేద్దాం.

తర్వాత దానితో పోట్లాడదామనుకున్నాను. అక్కడ నాకు దిమ్మ తిరిగింది. "నువ్వు చెప్పింది తప్పు" అన్నాను. "మీరన్నది నిజమే, క్షమించండి" అంది. కాసేపాగి, "కాదు, మొదట నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాను. దానికీ "మీరన్నది నిజమే" అంది. దాని జబ్బు అదే. ఎంత గిల్లినా ఏడవదు. రూల్సు చెప్పమంటే బంగారంలా చెబుతుంది, నేను అబద్ధమాడను. కానీ నీతో ఫిరంగి గురించి మూడు రోజులు మాటల్లేకుండా తిరిగిన సుఖం దానితో లేదు.

ఇంతకీ నది సంగతి తేలింది. మన పుస్తకంలో పేజీ మొత్తం అక్షరం పొల్లు పోకుండా దానికి టైపు కొట్టి, ఇప్పుడు చెప్పు అన్నాను. "మీది పాత ఎడిషన్. ఒక వంతు తడిసి నిలబడటం కొత్త ఎడిషన్‌లో వచ్చింది, మీకు వర్తించదు" అంది. మనం ఏ పుస్తకంతో ఆడుతున్నామో నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. నువ్వు ఈ ఒడ్డున కూర్చుని అడిగావు, నేను ఆ ఒడ్డున కూర్చుని అడిగాను. ఇద్దరికీ ఆగమనే చెప్పింది. వాదికీ ప్రతివాదికీ ఒకే వకీలైతే కేసు తేలినట్టే!

ఇంకో సంగతి రాస్తున్నాను, చదివి నవ్వకు. మొన్న దాన్ని అడిగాను, ఈసారి నా మరదలు ఏ ఎత్తు వేస్తుందని. "ఆమె ఎలా ఆడతారో కొంచెం చెప్పండి" అంది. చెప్పడం మొదలుపెట్టాను. ఎడమచేత్తో బొమ్మలు కదుపుతుందని, మోసం చేసే ముందు ఏదో కూనిరాగం తీస్తుందని, ఓడిపోయేటప్పుడు ఆకలేస్తోందంటుందని. కొడుతున్నకొద్దీ ఇంకా గుర్తొస్తున్నాయి. ఉన్నట్టుండి ఆపేశాను. ఇవన్నీ దానికెందుకు చెప్పాలి? ఇవి నాకు తెలిసినవి. నిన్ను దానికి అప్పజెప్పబుద్ధి కాలేదు. కొట్టిందంతా చెరిపేశాను.

ఒకటి మాత్రం అడగాలి. అడవి పాచిక మళ్ళీ వేస్తే ఐదు పడిందని రాశావు. నేను నమ్మలేదు. నాకు కోపం వచ్చింది కదా అని బుజ్జగించడానికి రాశావనుకున్నాను. బుజ్జగించేది నాకొకటి దొరికింది, ఇంకొకటి అక్కర్లేదు.

అందుకని నా ఎత్తు ఇది. నా గుర్రపుదళం మొత్తం, ఒక్క గుర్రం కూడా వెనక ఉంచకుండా, నదిలోకి దిగుతోంది. మన పుస్తకం ప్రకారం ఐదుగానీ ఆరుగానీ పడితే దాటుతారు. తక్కువ పడితే అందరూ కొట్టుకుపోతారు, యుద్ధం నేను ఓడిపోయినట్టే. ఏఐని అడగలేదు. అడిగితే వద్దంటుంది.

పాచిక నువ్వు వెయ్యి. నీ ఎడమచేత్తో వెయ్యి. ఎంత పడితే అంత రాయి.

మీ
వదిన


మేడ మీద గది నుంచి,
సెలవు రోజు రాత్రి

వదినా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. నిన్నంతా పాచిక వెయ్యలేదు. జేబులో వేసుకుని పనికి వెళ్ళాను. ఒక ఆసుపత్రి లిఫ్టు బాగుచేస్తూ, మధ్యమధ్య జేబు తడుముకుంటున్నాను. మా మేస్త్రీ, "ఏమిటమ్మా, ఉంగరమా?" అన్నాడు. మా వదిన గుర్రాలండీ అన్నాను.

ఈ పొద్దున్న లిఫ్టు తలుపు మీద కొండలన్నీ పక్కకి జరిపి, చోటు చేసుకుని, వేశాను. తలుపు మీంచి దొర్లి కింద పడి, మంచం కోడుకి ఆనుకుని ఆగింది. నేలమీద పడుకుని టార్చి వేసి చూశాను. ఆరు.

కానీ ఏటవాలుగా ఉంది వదినా. కోడుకి ఆనుకుని, ఒక అంచు మీద నిలబడి ఉంది. అలా ఆగింది చెల్లదు. ఎంతసేపు అలాగే పడుకుని చూశానో తెలియదు. గదిలో నేను తప్ప ఎవరూ లేరు. ఆరు అని రాస్తే నువ్వు సంబరపడతావు, మన మధ్య అన్నీ సర్దుకుంటాయి, నీ గుర్రాలు నా ఒడ్డుకి వస్తాయి. నేను ఓడిపోయినా నాకేం బాధ లేదు. చెయ్యి కలం దాకా వెళ్ళింది కూడా.

అప్పుడు నువ్వు నడుము మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డట్టు అనిపించింది. పాచిక తీసి మళ్ళీ వేశాను. ఈసారి బల్ల మధ్యలో, నీలం గుడ్డ మీదే చదునుగా ఆగింది.

రెండు.

నీ గుర్రాలన్నీ కొట్టుకుపోయాయి. యుద్ధం నేను గెలిచాను. గెలిచి మంచం మీద కూర్చుని ముక్కు ఎగబీల్చుకుంటూ ఏడ్చాను. ఆకలి కూడా వేసింది, గెలిచినా వేస్తుందని ఇప్పుడే తెలిసింది.

సాయంత్రం క్లబ్బుకి వెళ్ళి జంట పేరు మార్పించాను. సెక్రటరీ సిరా వేళ్ళతో ఫోను అని రాసింది కొట్టేసి, "ఏమైందమ్మా, దానికేమైనా ఒంట్లో బాలేదా?" అన్నాడు. సెలవు దొరకలేదండీ అన్నాను. నీకైనా దొరుకుతుందా? నేను రమ్మని అడిగే మొహం పెట్టుకుని లేను. అయినా అడుగుతున్నాను.

నీ
గడుగ్గాయి


ఇంటి నుంచి,
సామాను సర్దుతూ

గడుగ్గాయికి,

"రెండు" అని చదివి నేను నవ్విన నవ్వుకి మీ అన్నయ్య స్నానాల గదిలోంచి సబ్బు మొహంతో పరిగెత్తుకొచ్చారు. "ఏమైంది?" అన్నారు. "మీ చెల్లెలు నా గుర్రాలన్నిటినీ ముంచేసింది" అన్నాను. "దానికి నవ్వుతావేంటి?" అన్నారు. ఆయనకి చెప్పినా అర్థం కాదు.

నువ్వు ఆరు అని రాసుంటే నేను నమ్మేదాన్ని కాదు. నమ్మినట్టు రాసి, లోపల ముభావంగా ఉండేదాన్ని. ఇప్పుడు ఆ ఐదు కూడా నమ్ముతున్నాను. నా గుర్రాలు పోతే పోయాయి, ల్యాబులో ప్లాస్టరు బోలెడుంది.

డాక్టరు గారిని సెలవు మళ్ళీ అడిగాను. "ఈసారైనా వెళ్తారా, మళ్ళీ అలుగుతారా?" అన్నారు. ఇచ్చారు. బస్సు దిగగానే నువ్వు కనబడాలి. నీ మెట్లన్నీ నేను ఎక్కుతాను గానీ, నా సంచి నువ్వు మొయ్యాలి.

పోటీకి ఫోను తెచ్చుకో. వద్దనను. కొత్త ఎడిషన్ దానికి తెలిసినంత నాకు తెలియదు, దాన్ని అడుగుదాం. ఏ ఎడిషనో ముందు చెప్పి అడుగుదాం. నువ్వు దాన్నే ఎక్కువగా అడిగావంటే మాత్రం నేను మూతి ముడుచుకుంటాను, అందరి ముందూ ముడుచుకుంటాను, ఇప్పుడే చెబుతున్నాను. బల్ల మీద పెట్టుకో, జేబులో పెట్టుకో, ఆ కప్పుకే ఆనించుకో.

నా కుర్చీలో మాత్రం పెట్టకు.

మీ
వదిన